పసిబిడ్డ మెడలో గట్టి గడ్డ: సూది పరీక్షకు ముందు చూడవలసినవి

ప్రశ్న: రాజోలు దగ్గర లంక ఊళ్ళో పుట్టింట్లో ఉన్నానండి. తొలి కాన్పు. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నాడని ఆపరేషన్ చేసి తీశారు. ఇప్పుడు బాబుకి ఐదో వారం. మొన్న నీళ్ళు పోస్తుంటే మెడకు కుడిపక్కన ఈతకాయంత గట్టి గడ్డ చేతికి తగిలింది. జ్వరం లేదు, పాలు బాగానే తాగుతున్నాడు. తల కుడికి వాలుస్తాడు, ముఖం మాత్రం ఎడమకే తిప్పుకుంటాడు. స్కానింగులో ‘ఫైబ్రోమటోసిస్ కోలై కావచ్చు’ అని రాశారు. ఒక డాక్టరుగారు సూది గుచ్చి ముక్క పరీక్షకు పంపుదామన్నారు, ఇంకొకరు సీటీ స్కాన్ అన్నారు. నీళ్ళు పోసే ఆవిడ మెడ లాగేయడం వల్లే వచ్చిందని ఇంట్లో గొడవ. క్యాన్సరేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు:

అమ్మా, ముందు మీ భయం సంగతి. ఐదో వారంలో బయటపడడం, మెడకు ఒక్క పక్కనే ఉండడం, గట్టిగా ఉన్నా నొప్పి లేకపోవడం, తల అటే వాలడం. ఈ నాలుగూ కలిసి కనిపిస్తే పిల్లల డాక్టరుకు మొదట తట్టేది మీ రిపోర్టులో రాసిన జబ్బే. అది క్యాన్సర్ కాదు, తర్వాత క్యాన్సర్‌గా మారదు కూడా. మెడ కండరంలో ఒకచోట పీచు కణజాలం పెరిగి ఉబ్బుతుంది, నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. చాలామంది పిల్లల్లో ఏడాది తిరిగేలోపు దాని ఆనవాలు కూడా చేతికి దొరకదు.

బిడ్డను తాకి చూడకుండా ఇదే అని నేను ఖాయం చేయకూడదు. అందుకని మీ బాబును ఎవరు చూసినా ఏమేం చూడాలో, దేనితో నిర్ధారణ అవుతుందో, ఏది అక్కర్లేదో కాస్త విడమరచి రాస్తాను. మీరు రాసినదాన్ని బట్టి నా అభిప్రాయం మాత్రం ఇది: ఇప్పటికి సూదీ వద్దు, సీటీ కూడా వద్దు. సరైన ప్రోబ్‌తో మెడ స్కాన్, తుంటి స్కాన్, ఈ వారంలోనే మొదలుపెట్టే మెడ వ్యాయామం, ఈ మూడే కావాలి. (ప్రోబ్ అంటే స్కాన్ చేసేటప్పుడు ఒంటికి ఆనించే పరికరం.)

చెవి వెనక ఎముక దగ్గర మొదలై, మెడ పక్కగా ఏటవాలుగా దిగి, రొమ్ము ఎముకకూ కాలర్ ఎముకకూ అతుక్కునే కండరం ఒకటుంది. అద్దం ముందు నిలబడి ముఖం బాగా పక్కకు తిప్పితే మీ మెడ మీద తేలి కనిపించేది అదే. స్టెర్నోమాస్టాయిడ్ అంటాం. కుడి కండరం బిగిస్తే తల కుడి భుజం వైపు వాలుతుంది, గడ్డం ఎడమకు తిరుగుతుంది. మీ బాబు చేస్తున్నది అచ్చం అదే కదా. గడ్డా, తల వాలుడూ రెండూ ఒకే కండరాన్ని చూపిస్తున్నాయన్నమాట. గడ్డ ఒక పక్కనుండి తల రెండో పక్కకు వాలుతుంటే నేను వేరేగా ఆలోచిస్తాను. తల అసలు వాలకపోయినా ఈ జబ్బు ఉండవచ్చు, ఈ గడ్డ ఉన్న పిల్లలందరికీ మెడ బిగుసుకోదు.

వయసు ఇందులో పెద్ద ఆధారం. ఈ గడ్డ పుట్టిన రోజున సాధారణంగా కనిపించదు. రెండో వారం నుంచి నాలుగో వారం లోపు, కొందరిలో ఎనిమిదో వారం వరకు బయటపడుతుంది. ఆశా కార్యకర్తలు కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికొచ్చి బిడ్డను చూడాలన్నది లెక్క. అందులో చివరి రెండు మూడు సార్లు సరిగ్గా ఈ గడ్డ తేలే రోజుల్లోనే పడతాయి. తల రెండు వైపులా ఒకేలా తిరుగుతోందా అని ఆ పూట ఒక్కసారి చూస్తే చాలు, ఎంతోమంది పిల్లలు నెల ముందే దొరుకుతారు. మన వైపు ఎక్కువగా నీళ్ళు పోసేటప్పుడు తల్లి చేతికో అమ్మమ్మ చేతికో తగులుతుంది, లేదంటే నెలన్నర టీకాకు వచ్చినప్పుడు బయటపడుతుంది. ఇదేమంత అరుదు కాదు. వెయ్యి మంది పిల్లల్లో దాదాపు 4 మందికి వస్తుందని లెక్క. ఎడమకంటే కుడివైపే ఎక్కువ.

ఒక మాట ఇప్పుడే చెప్పి ఉంచుతాను. కనిపించాక రెండు మూడు వారాలపాటు ఈ గడ్డ ఇంకాస్త పెరుగుతుంది. ‘ఇంత ఉన్నది అంతయింది’ అని కంగారుపడి ఊళ్ళు తిరిగేది, లేనిపోని పరీక్షలు చేయించేది ఆ రోజుల్లోనే. మీ బాబుకి ఏడో వారంలో అది కొంచెం పెద్దదైతే అది జబ్బు నడకలో భాగమే. తర్వాత కొన్నాళ్ళు అలాగే నిలబడి, నాలుగు నుంచి ఎనిమిది నెలల్లో తగ్గుతూ పోతుంది.

ఇక చేత్తో చూసే పరీక్ష. బిడ్డ పాలు తాగి స్థిమితంగా ఉన్నప్పుడు తల్లి ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, తలను నెమ్మదిగా ఎడమకు వాల్చి చూస్తాం. కండరం సాగినప్పుడు గడ్డ స్పష్టంగా పైకి తేలుతుంది. బొటనవేలు ఒక పక్క, చూపుడువేలు రెండో పక్క పెట్టి పట్టుకుంటే అది రెండు కొసలా సన్నబడి కండరంలోకి కలిసిపోతున్నట్టు తెలుస్తుంది. మామూలుగా కండరం మధ్యభాగంలోనో అంతకు కాస్త కిందో ఉంటుంది, నిడివి ఒకటి నుంచి మూడు సెంటీమీటర్లు. అడ్డంగా కదిపితే కండరంతో పాటు అటూ ఇటూ కదులుతుంది, నిలువునా జరపబోతే జరగదు. మీద చర్మం మామూలు రంగులో ఉంటుంది, వేడి ఉండదు, నొక్కితే బిడ్డ ఏడవడు. ఆ తర్వాత ముఖాన్ని కుడి భుజం వైపు తిప్పి ఎంతవరకు వస్తుందో, ఎడమకు ఎంతవరకు వస్తుందో పోల్చి రాసుకుంటాం. రాసుకోవడం ముఖ్యం. వచ్చే నెల తగ్గిందో లేదో తేల్చేది ఆ రాతే.

స్కాన్ గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, నిర్ధారణ అంతా దాని మీదే ఉంది కాబట్టి. అల్ట్రాసౌండులో రేడియేషన్ లేదు, మత్తు అక్కర్లేదు, బిడ్డ పాలు తాగుతుండగానే చేయవచ్చు. కాని మన చిన్న పట్టణాల్లో స్కానింగ్ సెంటర్లకు ఎక్కువగా వచ్చేది గర్భిణులు, కడుపు నొప్పులవాళ్ళు. ఆ స్కాన్లకు వాడే వంపు ప్రోబ్ పెడితే నెల బిడ్డ మెడ మసకగా కనిపిస్తుంది. చర్మానికి దగ్గరగా ఉన్నవి చూడడానికి హై ఫ్రీక్వెన్సీ లీనియర్ ప్రోబ్ కావాలి. ‘థైరాయిడ్ చూసే ప్రోబ్ ఉందా అండీ’ అని ఫోను చేసి అడిగి వెళ్ళండి, వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. మీ రిపోర్టులో ‘కావచ్చు’ అని రాశారంటే చేసినాయనకు ఎక్కడో సందేహం ఉండి ఉంటుంది. ఆ సందేహం తీర్చుకోవడానికి సూది కంటే ముందు మంచి ప్రోబ్‌తో రెండోసారి చూడడం మేలు.

చూసేటప్పుడు ప్రోబును కండరం పొడవునా పెట్టాలి. గడ్డ కండరం లోపలే ఉందా, పైకొసా కిందికొసా సన్నబడుతూ మామూలు కండరం పోగుల్లో కలిసిపోతున్నాయా అన్నది మొదటి ప్రశ్న. లోపలి భాగం తెల్లగా ఉండవచ్చు, నల్లగా ఉండవచ్చు, కలగలుపుగా ఉండవచ్చు. రంగును బట్టి భయపడే పని లేదు. తర్వాత బిడ్డ తలను మెల్లగా తిప్పిస్తూ తెర మీద చూస్తే గడ్డ కండరంతో కలిసి ఒక్కటిగా జరుగుతుంది. రెండో వైపు కండరాన్ని కూడా అదే చోట కొలిచి రెండింటి మందం రిపోర్టులో పక్కపక్కన రాయాలి. గడ్డ కండరం దాటి బయటికి రాలేదు, పక్కన ఎముకలు బాగున్నాయి, చుట్టూ అనుమానించదగ్గ బిళ్ళలు (వాచిన లింఫు గ్రంథులు) లేవు. ఈ మూడు మాటలూ ఉన్న రిపోర్టు చేతికొస్తే, వయసూ చేతి పరీక్షా దానికి సరిపోతే, నిర్ధారణ అయిపోయినట్టే. అక్కడితో ఆగవచ్చు.

అయితే మెడలో గడ్డలన్నీ ఇవే కావు. మన దగ్గర మొదట గుర్తుకు రావలసింది బిళ్ళ కట్టడం. బీసీజీ టీకా ఎడమ జబ్బకు వేస్తారు, దాని ప్రభావంతో కొందరు పిల్లల్లో ఎడమ చంకలోనో, ఎడమ కాలర్ ఎముక పైనో బిళ్ళ లేస్తుంది. మీ బాబుది కుడి మెడ, పైగా కండరంలో, కాబట్టి దానికి సరిపోదు. ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా అని మాత్రం మీ డాక్టరుగారు అడగాలి, మీరు దాచకుండా చెప్పాలి. చీము గడ్డ అయితే ఎర్రబడి, వేడిగా ఉండి, ముట్టుకుంటే బిడ్డ గగ్గోలు పెడతాడు. మెత్తగా ఉండి, చీకట్లో టార్చి వెనక పెడితే వెలుతురు అవతలికి కనిపించేది నీటితిత్తి, సిస్టిక్ హైగ్రోమా. అది చాలాసార్లు పుట్టుకతోనే ఉంటుంది, మెడకు కాస్త వెనకవైపున. కండరం ముందు అంచు వెంట చిన్న రంధ్రం ఉండి జిగురు కారుతుంటే అది పుట్టుకతో వచ్చే బ్రాంకియల్ లోపం. మెడకు నట్టనడుమ ఉండి మింగినప్పుడు కదిలేది థైరోగ్లోసల్ తిత్తి. ఏడ్చినప్పుడు ఉబ్బి నీలంగానో ఎర్రగానో కనిపించేవి రక్తనాళాల గడ్డలు. ఇవన్నీ అల్ట్రాసౌండులో కండరం బయట కనిపిస్తాయి, అందుకే ‘లోపలా, బయటా’ అన్న ప్రశ్నకు అంత విలువ.

చెడ్డవి కూడా లేకపోలేదు. న్యూరోబ్లాస్టోమా, రాబ్డోమయోసార్కోమా అనే క్యాన్సర్లు ఈ వయసులో మెడలో రావడం చాలా అరుదు, అయినా వాటిని మనసులో పెట్టుకునే బిడ్డను చూడాలి. గడ్డ ఉన్న వైపు కనురెప్ప వాలిపోయి ఉండడం, ఆ కంటిపాప రెండోదానికంటే చిన్నదిగా ఉండడం గమనిస్తే మర్నాటి వరకు ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్ళండి. గడ్డ కదలకుండా లోతుగా అతుక్కుని ఉన్నా, మూడు నెలలు దాటాక కూడా పెరుగుతూనే ఉన్నా, ఊపిరికో పాలు మింగడానికో అడ్డం వస్తున్నా, పక్కన బిళ్ళలు పెద్దవైనా అంతే. అలాంటప్పుడు ఎమ్మారై, సూది పరీక్ష, అవసరమైతే ముక్క తీయడం అన్నీ సబబే.

సూది పరీక్షకు నేను వ్యతిరేకిని కాను. సన్నని సూదితో తీసిన కణాలను మైక్రోస్కోపు కింద చూస్తే ఈ జబ్బులో సన్నగా పొడుగ్గా ఉండే ఫైబ్రోబ్లాస్టులు (పీచు కణజాలపు కణాలు), క్షీణించిన కండరపు పోగులు, అనేక కేంద్రకాలున్న కండర కణాలు కనిపిస్తాయి, వాటితో సందేహం తీరిపోతుంది. కాని స్కాన్ స్పష్టంగా చెప్పిన విషయాన్నే మళ్ళీ చెప్పించుకోవడానికి నెల బిడ్డ మెడలో సూది దింపడం ఎందుకు? వయసు కుదరకపోతేనో, స్కాన్ తేల్చలేకపోతేనో, గడ్డ తగ్గవలసిన సమయంలో తగ్గకపోతేనో చేయించాలి. సీటీ విషయంలో ఇంకా గట్టిగా చెబుతాను. నెల బిడ్డకు రేడియేషన్ ఇచ్చి, కదలకుండా మత్తిచ్చి తీస్తే అందులో కనిపించేది లావెక్కిన కండరమే. కొత్తగా తెలిసేదేమీ లేదు. ఆ డబ్బుతో రెండుసార్లు మంచి అల్ట్రాసౌండు చేయించవచ్చు.

నీళ్ళు పోసే ఆవిడ సంగతి. ఆమెను అనకండి, దయచేసి. ఈ గడ్డకు కారణం పూర్తిగా తేలలేదు గాని, కడుపులో బిడ్డ తల చాలాకాలం ఒకే వంపులో ఇరుక్కుని ఉండడం, కాన్పు సమయంలో ఆ కండరం మీద ఒత్తిడి పడి రక్తప్రసరణ తగ్గి వాపు వచ్చి, తర్వాత పీచుగా మారడం అన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఎదురుకాళ్ళ బిడ్డల్లో, తొలి కాన్పుల్లో, పట్టుకారు (ఫోర్సెప్స్) వేసి తీసిన కాన్పుల్లో ఎక్కువ కనిపిస్తుంది. మీకు అందులో రెండు ఉన్నాయి. సిజేరియన్‌తో పుట్టినవాళ్ళకూ వస్తుంది కాబట్టి ఆపరేషన్ చేసినవాళ్ళ తప్పూ కాదు, మీ తప్పు అసలే కాదు. ఈ మాట మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి.

అలాగని గడ్డ మీద నూనె పెట్టి రుద్దనివ్వకండి. నలిపితే కరగదు, నొప్పి పుడుతుంది. పసరు పట్టు, వేడి కాపడం, వాత పెట్టించడం వద్దే వద్దు. తల పట్టుకుని పైకి లేపడం, కాళ్ళు పట్టి తలకిందులు చేయడం ఈ బిడ్డకు మానిపించండి. నీళ్ళు పోసే పద్ధతిలో మాత్రం ఒక మంచి ఉంది. కాళ్ళు చాపుకుని బిడ్డను వాటి మీద బోర్లా పడుకోబెడతారు చూడండి, ఆ సమయంలో బిడ్డ తల ఎత్తడానికి చేసే ప్రయత్నమంతా మెడకు వ్యాయామమే. దాన్ని మానకండి. మెలకువగా ఉన్నప్పుడు రోజులో మరికొన్నిసార్లు మీ ఛాతీ మీదో చాప మీదో కాసేపు బోర్లా ఉంచండి. నిద్రలో మాత్రం వెల్లకిలానే.

వ్యాయామం పిల్లల ఫిజియోథెరపిస్టు దగ్గర చూసి నేర్చుకోవాలి, చదివి కాదు. అయినా ఏ దిక్కో తెలిసి ఉండడానికి రాస్తున్నాను. గడ్డ కుడివైపు ఉంది కాబట్టి కుడి కండరాన్ని సాగదీయాలి. అంటే రెండు కదలికలు. ఒకటి, ముఖాన్ని కుడికి తిప్పి గడ్డాన్ని కుడి భుజం దగ్గరికి తేవడం. రెండోది, కుడి భుజాన్ని ఒక చేత్తో కదలకుండా అదిమి ఉంచి, రెండో చేత్తో తలను ఎడమకు వాల్చి ఎడమ చెవిని ఎడమ భుజం దగ్గరికి తేవడం. బిగుతు తగిలినచోట ఆగి, పది పదిహేను సెకన్లు అలాగే ఉంచి వదలాలి. లాగకూడదు, కుదపకూడదు. బిడ్డ గట్టిగా ఏడిచి మెడ బిగబట్టినా, రంగు మారినా వెంటనే వదిలేయండి. పాలు తాగిన వెంటనే చేస్తే కక్కుతాడు. గుడ్డలు మార్చిన ప్రతిసారీ కాసేపు చేస్తే రోజులో ఎన్నోసార్లు అయిపోతుంది, విడిగా సమయం వెతుక్కోనక్కర్లేదు.

దానికంటే ఎక్కువ పనిచేసేది రోజంతా బిడ్డను ఉంచే తీరు. ఇప్పుడు ఎడమకే చూస్తున్నాడు కాబట్టి మంచం మీద ఎడమపక్క గోడ వచ్చేలా పడుకోబెట్టండి. తలుపు, వెలుతురు, మీ గొంతు, గిలక్కాయ అన్నీ కుడివైపు ఉండాలి. చూడాలనిపించి తనే కుడికి తిప్పుతాడు. పాలిచ్చేటప్పుడు కూడా తల కుడికి తిప్పి అందుకోవలసి వచ్చేలా పట్టుకోండి. చీర ఉయ్యాలలో గంటలకొద్దీ వేయకండి, అందులో తల ఒకే వంపులో ఇరుక్కుపోతుంది. ఎప్పుడూ ఎడమకే తిరిగి పడుకుంటే తల వెనక ఎడమభాగం చదునవుతుంది, నెలలు గడిస్తే ముఖం రెండు వైపులా తేడాగా తయారవుతుంది. మనం ఆపవలసింది అది. గడ్డ దానంతట అదే పోతుంది గాని, బిగిసిన మెడ మాత్రం చూస్తూ కూర్చుంటే కొందరిలో అలాగే ఉండిపోతుంది.

తొందరగా మొదలుపెట్టడం వల్ల లాభం చాలా ఎక్కువ. మొదటి రెండు మూడు నెలల్లో మొదలుపెట్టిన పిల్లలకు తక్కువ కాలంలో మెడ స్వాధీనమవుతుంది. ఆరు నెలలు దాటాక వస్తే అదే పని ఎంతో కాలం పడుతుంది, బిడ్డ కూడా చేయనివ్వడు. హాంకాంగ్‌లో 821 మంది పిల్లలను గమనించి 2001లో ప్రచురించిన పరిశీలనలో, గడ్డ ఉన్న పిల్లల్లో చివరికి ఆపరేషన్ దాకా వెళ్ళింది దాదాపు 8 శాతమే. అది కూడా నెలల తరబడి వ్యాయామం చేయించినా మెడ సరిగా తిరగనివాళ్ళకు, బిగిసిన కండరాన్ని సడలించడానికి. గడ్డను కోసి తీసేయడానికి కాదు. ‘ఇప్పుడే ఆపరేషన్ చేసి తీసేద్దాం’ అని ఎవరైనా అంటే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి.

ఇప్పుడు చాలామంది మరిచిపోయే తుంటి సంగతి. మెడ కండరం ఇలా ఉన్న పిల్లల్లో తుంటి కీలు సరిగా అమరకపోవడం మిగతావాళ్ళలో కంటే ఎక్కువ. ఎదురుకాళ్ళతో ఉన్న బిడ్డల్లో అది వేరే ఎలాగూ ఎక్కువే. మీ బాబుకి రెండు కారణాలూ ఉన్నాయి కాబట్టి డాక్టరుగారు తొడలు విడదీసి చూసి బాగుందన్నా, ఆరో వారంలో తుంటికి అల్ట్రాసౌండు చేయించండి. ఈ వయసులో ఎక్స్‌రే పనికిరాదు. తొడ ఎముక తల ఇంకా మెత్తని మృదులాస్థిగానే ఉంటుంది, నాలుగు నుంచి ఆరు నెలలయ్యాకే ఎక్స్‌రేలో లెక్కకు వస్తుంది. అప్పటిదాకా కాళ్ళు రెండూ నిటారుగా దగ్గరికి చేర్చి గుడ్డ చుట్టడం మానేయండి. తొడలు విచ్చుకుని ఉండేలా ఎత్తుకోండి.

ఎక్కడికి వెళ్ళాలంటే, అమలాపురంలో లీనియర్ ప్రోబ్ ఉన్న రేడియాలజిస్టు దొరికితే మెడా తుంటీ ఒకే రోజు అయిపోతాయి. లేదా యానాం వంతెన మీదుగా కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్ళండి, పిల్లల విభాగం, రేడియాలజీ, ఫిజియోథెరపీ అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. తుంటి లోపం ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఉంది. మీ ఏఎన్ఎమ్ గారిని అడిగితే రిఫరల్ రాయించి పెడతారు. ఇంతకుముందు తీసిన స్కాన్ ఫిల్ములు, కాన్పు కాగితాలు పట్టుకెళ్ళండి.

మొదటి చూపు తర్వాత నెలకోసారి చూపించి, మెడ ఎంతవరకు తిరుగుతోందో రాయించుకోండి. రెండో మెడ స్కాన్ ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత చాలు, వారం వారం అక్కర్లేదు. వ్యాయామం సరిగా చేసినా నెల తిరిగేసరికి తల కదలికలో ఏమాత్రం మార్పు లేకపోతే, కండరం కాకుండా మెడ ఎముకల్లో పుట్టుకతో వచ్చిన లోపమో, కంటి సమస్యో ఉందేమో చూడమనండి. తల వాలడానికి అవీ కారణమవుతాయి.

నెలన్నర టీకాలు వాయిదా వేయకండి. గడ్డ ఉన్నందుకు ఏ టీకా ఆపనక్కర్లేదు. ఆ రోజు సూదులు ఎక్కువగా తొడలకు వేస్తారు గనక సాయంత్రం దాకా బిడ్డ చిరాకుగా ఉంటే మెడ వ్యాయామం ఆ పూటకు ఆపి, మర్నాడు పొద్దున మళ్ళీ మొదలుపెట్టండి.